నాయనమ్మ గదిలో పగులు

పగులును చూసి భయపడొద్దు, కదిలే పగులును చూసి భయపడండి అని మా ప్రొఫెసర్ చెప్పిన రోజు నుంచి నాకు సరైన నిద్ర లేదు. పాత కట్టడాల పరిరక్షణ మీద మా చివరి ఏడాది సెమినార్ అది. ఒక్కొక్కరం ఒక్కో పాత కట్టడాన్ని ఎంచుకుని, దాని జబ్బేమిటో, ఎలా నయం చేయాలో చెప్పాలి. ఒకతను బన్సీలాల్‌పేటలో చెత్తతో పూడిపోయిన మెట్లబావిని తీసుకున్నాడు. ఇంకొకామె ఓ నవాబు గారి దేవిడీని, అంటే పాత మహలును పట్టుకుంది. ఊరంతా తిరిగే ఓపిక లేని నేను బోయిగూడలో మా ఇంటినే ఎంచుకున్నాను. సున్నపు గోడలు, టేకు దూలాలు, వాటికి తోడు నాయనమ్మ పడుకునే ముందు గదిలో నిలువుగా ఒక పగులు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

పక్క స్థలంలో అపార్ట్‌మెంటు కోసం సెల్లార్ తవ్వుతున్నారు. మా ఇల్లు కూడా ఇమ్మని ఆ బిల్డరే నాన్న చుట్టూ తిరుగుతున్నాడు. నాయనమ్మ ససేమిరా అంటోంది. నాన్న ఎటూ తేల్చుకోలేకుండా ఉన్నాడు. ఇక పగులు కదులుతోందో లేదో తెలుసుకోవడానికి సారు చెప్పిన పద్ధతి చాలా సులువు. పగులుకు అడ్డంగా పల్చటి గాజుముక్కను పెట్టి, రెండు కొసలా ప్లాస్టర్‌తో అతికించాలి. గోడ వెంట్రుకవాసి జరిగినా గాజు పగిలిపోతుంది. నాయనమ్మ చూస్తుండగానే ప్లాస్టర్ కలిపి, కిందా పైనా రెండు ముక్కలు అతికించి, మిగిలిన గాజుముక్కలూ ప్లాస్టర్ పొడీ సంచిలో వేసి ఆమె మంచం కిందికి తోశాను.

అక్కడితో నా మనశ్శాంతి పోయింది. పక్కన యంత్రం గుర్రుమంటే చాలు, కంచంలో నా చెయ్యి ఆగిపోయేది. పొద్దున్నే లేచి ముందు నాయనమ్మకు ఊపిరి ఆడుతోందో లేదో చూసి, ఆ తర్వాతే గాజు వైపు చూసేదాన్ని. మంచం లోపలి గదిలోకి మార్చుకోమని ఎంత బతిమాలినా ఆమె వినలేదు. గల్లీలో ఎవరేం కొన్నారో, ఎవరి కోడలు అలిగిందో ఆమెకు తెలిసేది ఆ గది కిటికీలోంచే. చదువుకోమని పంపిస్తే ఇంటికి దయ్యాన్ని తెచ్చుకున్నానని నన్ను ఎగతాళి చేసేది.

గాజు మాత్రం పగల్లేదు. సెమినార్‌లో ఆ సంగతి చెబితే, గోడ నిలకడగా ఉందనీ, మరమ్మతు చేసి ఇంటిని దక్కించుకోవచ్చనీ సారు అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. పరుగున వచ్చి నాన్నకు చెప్పాను. బిల్డర్‌ను ఇక రావద్దంటానని ఆయన కూడా అన్నాడు.

ఆ ఆదివారం పొద్దున అలవాటు కొద్దీ గాజు మీద వేలు పెట్టాను. ప్లాస్టర్ మెత్తగా తగిలింది. ఎన్నో వారాల కింద అతికించినదానికి తడి ఎక్కడిది? మంచం కిందికి వంగి సంచి లాగితే, పాత చీరముక్కలో మూటగట్టిన గాజు పెంకులు బయటపడ్డాయి. అన్ని పెంకులు ఒకటి రెండుసార్లకు రావు.

నాయనమ్మ మంచం మీదే కూర్చుని ఉంది. దొరికిపోయానన్న బెదురు ఏ కోశానా లేదు.

"పగిలినప్పుడల్లా నేనే మార్చిన బిడ్డా. తెలిస్తే మీ నాయిన ఇల్లు ఇచ్చేస్తడు. గా అపార్ట్‌మెంటుల నేను ఎవరితోని మాట్లాడాలె?"

గోడ నిలకడగా ఉందని నేను హాయిగా పడుకున్నప్పుడు కూడా అది కదులుతూనే ఉంది. దాని కింద ఆమె ఒక్కతే పడుకుంది, అంతా తెలిసే పడుకుంది. భయంతో ఏడుపొచ్చింది, ఆమె మీద పట్టరాని కోపమూ వచ్చింది. నాన్నను కేకేశాను. గోడ కదులుతోందని, ఇల్లు ఆ బిల్డర్‌కే ఇచ్చేయమని నా నోటితో నేనే చెప్పాను. బాగు చేయొచ్చని మీ సారు అన్నాడు కదా అని నాన్న నసిగాడు. మా సారు ఈ మంచం మీద పడుకోడు కదా అన్నాను.

నాయనమ్మ నన్ను తేరిపార చూసింది.

"పాత ఇండ్లను కాపాడే సదువంటివి గదనే," అంది.

మంచం ఒక కొస పట్టుకుని, రెండో కొస పట్టమని నాన్నకు సైగ చేశాను. ఆమె దిగనంది. ఆమెతో సహా లోపలికి మోసుకెళ్లాం.