తొమ్మిదో రీలు

సినిమా ఆపరేటరు రోజూ సినిమా చూస్తాడని అనుకుంటే అంతకంటే అమాయకత్వం లేదు. ఆయన చూసేది చుక్కని. రీలు ఇంకాసేపట్లో అయిపోతుందనగా తెర మీద కుడివైపు పైమూలన ఒక చుక్క కనిపించి మాయమవుతుంది. అది కనపడగానే, తరవాతి రీలు ఎక్కించి ఉంచిన రెండో మిషను మోటారు ఆన్ చెయ్యాలి. వెనకే వచ్చే రెండో చుక్కకి మొదటి మిషను మూసి రెండోది తెరవాలి. కింద కూర్చున్న జనానికి రీలు మారిన సంగతే తెలియకూడదు. మన ఆపరేటరు ముప్ఫై నాలుగేళ్ళు కళ్ళల్లో వత్తులు వేసుకుని ఆ మూలకేసే చూశాడు. ఇంట్లో టీవీ ముందు కూర్చున్నా చూపు అటే పోయేది.

"హీరోయిన్ ఎలా ఉందండీ?" అని భార్య అడిగితే, "ఏమో, ఆమె వెనకాల మేఘం బాగుంది" అనేవాడు. పాపం, అది వేళాకోళం కాదు.

ఇంత జాగ్రత్త ఉత్తినే రాలేదు. పనిలో చేరిన తొలి ఏడాది ఆయన ఒక ఘనకార్యం చేశాడు. ఎనిమిదో రీలు ఎక్కించాల్సిన చోట తొమ్మిదోది ఎక్కించాడు. తొమ్మిదో రీలు మొదలైన నిమిషానికే కథలో తండ్రి చచ్చిపోతాడు. జనం బాగా ఏడ్చారు. తరవాత ఎనిమిదోది నడిచింది. అందులో ఆ పోయిన తండ్రే నిక్షేపంలా వచ్చి, కూతుర్ని రైలెక్కించి చెయ్యి ఊపాడు. హాలంతా గొల్లున నవ్వింది. యజమాని ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చి నానా తిట్లూ తిట్టి వెళ్ళాడు.

ఆయన వెళ్ళాక చూస్తే మిషను గది గుమ్మంలో ఒక అమ్మాయి నిలబడి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మీరూ తిట్టిపోండి, అదొక్కటే తక్కువ" అన్నాడు ఆపరేటరు.

"తిట్టడానికి రాలేదండీ. మా నాన్న పోయి రెండు నెలలైంది. మీరేం చేశారో గానీ, ఈ నాన్న తిరిగొచ్చాడు. ఆ మాట చెప్పి పోదామని వచ్చాను."

ఆ అమ్మాయి మళ్ళీ ఆ గుమ్మంలోకి రాలేదు. ఏడాది తిరక్కుండా ఆయనే వాళ్ళ గుమ్మంలోకి వెళ్ళి, వాళ్ళమ్మని అడిగి పెళ్ళి చేసుకున్నాడు.

పెళ్ళయ్యాక కూడా మిషను గదిలోకి ఆమెకి ప్రవేశం లేదు. బయటివాళ్ళు రాకూడదని రూలు, రూలంటే ఆయనకి ప్రాణం. ప్రతి కొత్త సినిమాకీ ఆమె బాల్కనీ చివరి వరసలో, మిషను గది గోడకున్న కంతకి సరిగ్గా కింద కూర్చుని, పక్క సీట్లో తన సంచీ పెట్టేది. ఎవరైనా అడిగితే "మనిషి ఉన్నారండీ" అనేది. ఆ ఉన్న మనిషి పైన చుక్క కోసం చూస్తూ ఉండేవాడు. ఇంట్లో పోట్లాట వస్తే "ఇది ఇంకా రెండో రీలేనే" అని ఆయన బెదిరించడం, "నేనైతే ఇంటర్వెల్ ఇచ్చేశాను" అని ఆమె లేచిపోవడం మామూలే.

ఊళ్ళో ఒకప్పుడు నాలుగు హాళ్ళుండేవి. ఒకటి గోడౌనైంది, ఒకటి కార్లు పెట్టుకునే చోటైంది. ఊరి బయట కార్లలో కూర్చుని చూసే ఆరుబయట సినిమా మూతపడి, దాని తెర మాత్రం గడ్డిలో ఒంటరిగా నిలబడి ఉంది. చివరికి ఈ హాలు వంతూ వచ్చింది. కూలగొట్టి ఫర్నిచరు షాపు కడతారట. పాత యజమాని కూతురు ఆపరేటరుని పిలిచి, ఆఖరి మ్యాట్నీకి వాళ్ళ నాన్నకిష్టమైన సినిమా వెయ్యమంది. అది ఆ సినిమానే.

ఆ కబురు విని భార్య చేస్తున్న పని ఆపేసింది. ఆ సినిమా తరవాత ఎన్నిసార్లు వచ్చినా ఆమె చూడలేదు. తండ్రి తిరిగొచ్చిన ఆట ఒక్కటే ఆమెకి చాలు.

"మీరు పక్కన కూర్చుంటే వస్తాను. తొమ్మిదో రీలు నేనొక్కదాన్నీ చూడలేను."

"చూద్దాంలే."

"మీ చూద్దాంలేలు ముప్ఫై ఏళ్ళుగా చూస్తూనే ఉన్నాను."

ఆయన ఆ మధ్యాహ్నమే హాలుకెళ్ళి మెట్లు దిగి చూసుకున్నాడు. గదిలోంచి బయటి మెట్లు పద్దెనిమిది, చుట్టూ తిరిగి బాల్కనీ తలుపు. ఆయన మోకాళ్ళతో నిమిషమున్నర. తొమ్మిదో రీలు మొదలుపెట్టి ఆమె పక్కకి చేరేసరికి తండ్రి ప్రాణం పోయే ఉంటుంది. మధ్యలో ఆట ఆపితే తెర తెల్లబడుతుంది. మొదటి తప్పు తరవాత ఆయన చేతిలో తెర ఒక్కసారి కూడా తెల్లబడలేదు. ఆయనకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. భార్యకి మాత్రం ఈ లెక్క చెప్పలేదు.

ఆఖరి ఆటకి నలభై మంది వచ్చారు. ఆపరేటరు ప్రతి రీలుకీ కిందకి రావడం, కాసేపు కూర్చోవడం, మళ్ళీ మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కడం. ఆమె సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుంది, మళ్ళీ సీట్లో పెట్టలేదు. ఎనిమిదో రీలుకి కూడా అలాగే వచ్చాడు. తొమ్మిదోది ఇంకో మిషను మీద సిద్ధంగా ఉంది. పన్నెండు నిమిషాలు కూర్చుని లేచిపోదామనుకున్నాడు.

తెర మీద స్టేషను వచ్చింది. తండ్రి కూతురి పెట్టెకి తాడు గట్టిగా ఉందో లేదో రెండుసార్లు లాగి చూశాడు. రైలు కదిలింది. ఆయన చెయ్యి ఊపుతూ రైలు వెంట నడుస్తున్నాడు. అప్పుడు ఎడమవైపు కింది మూలన ఆయన కాలి చెప్పు జారి వెనకబడిపోయింది. తండ్రి చూసుకోలేదు. ఒంటి చెప్పుతోనే నడిచాడు. ముప్ఫై నాలుగేళ్ళలో ఆపరేటరు ఆ చెప్పుని ఒక్కసారైనా చూడలేదు. లేవాల్సిన సంగతి మర్చిపోయి ఆ చెప్పు పడిన మూలకేసే చూశాడు.

తెర తెల్లగా అయిపోయింది.

"ఆపరేటరూ!" అని గేటు దగ్గరి పెద్దాయన కేకేశాడు. నలభై తలలు వెనక్కి తిరిగాయి. ఆపరేటరు గబుక్కున లేచాడు. భార్య కూడా లేచింది.

"పదండి, నేనూ వస్తాను."

"బయటివాళ్ళు రాకూడదే..."

"నేను బయటిదాన్నా?"

ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని పద్దెనిమిది మెట్లూ ఎక్కారు. గదిలో మిషన్ల వేడి, నూనె వాసన, ఒక స్టూలు. ఆయన తొమ్మిదో రీలు నడిపించి, ఖాళీ మిషను మీద పదోది ఎక్కించడం మొదలుపెట్టాడు. ఆమె గోడకున్న చిన్న కిటికీ దగ్గర నిలబడింది. తండ్రి మంచం మీద కళ్ళు మూశాడు. ఆమె భుజాలు కదిలాయి. ఆపరేటరు సగంలో వదిలేసి వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఇదేనండీ అసలు వరస" అంది ఆమె, ముక్కు తుడుచుకుని. "ముందు చెయ్యి ఊపాలి. మా నాన్న ఊపకుండా పోయాడు. అదే కదా నా బాధ."

ఆ మాట ఇన్నేళ్ళలో ఆమె ఎన్నడూ అనలేదు. ఆయన ఆమె తల నిమిరాడు. తరవాత వెళ్ళి పదో రీలు ఎక్కించి, మళ్ళీ వచ్చి నిలబడ్డాడు. ఒక్క కిటికీ, రెండు తలలు. ఆయనకి తెర సగమే కనిపిస్తోంది. ఆ సగం కూడా చూడకుండా భార్య మొహంకేసి చూస్తూ ఉండిపోయాడు.

"ఏమండీ, చుక్క!" అంది ఆమె.

ఆయన ఉలిక్కిపడి మోటారు ఆన్ చేశాడు.

"ఇదిగో, ఇంకోటి!"

ఆయన ఒకటి మూసి ఇంకొకటి తెరిచాడు. కింద కూర్చున్న నలభై మందిలో ఎవరికీ రీలు మారిన సంగతి తెలియలేదు.