ఆదఖా గుర్తుపట్టని మనిషి

మా పెద్ద తోటికోడలు ఆదఖా చేపతోలు కోటు కుడితే వాన చుక్క లోపలికి దిగేది కాదు. మా ఆమూర్ నది ఒడ్డున ఎవరింట పెళ్లయినా ఆమె చేతి కోటే కావాలి. నోరు మాత్రం సూది కన్నా పదును. మా బావగారు సప్కా ఉన్నన్నాళ్లూ ఇద్దరికీ కీచులాటే. పిల్లల్లేని ఇల్లు, ఆ కీచులాటే సందడి.

ఆయన పోయాక ఆ ఇంట్లో మాట అన్నదే లేదు. పోయినాయన ప్రాణం ఉండేందుకు చేసిన చిన్న దిండు ఒక్కటే ఆమెకు తోడు. పూటపూటా దానికి కొర్ర జావ పెట్టేది, దానికి నోరుగా పెట్టిన చిల్లుకి పొగాకు చిలుం ఆనించేది, పడుకునేముందు దుప్పటి కప్పేది. షామన్ వచ్చి ప్రాణాన్ని పోయినవాళ్ల ఊరికి చేర్చేదాకా మాలో అందరం అంతే చేస్తాం. ఏళ్లు గడిచినా ఆమె షామన్‌ని పిలవలేదు. అడిగితే, "తొందరేముందే, అక్కడాయనకి ఎవరు వండిపెడతారు?" అనేది.

అంత దూరం వెళ్లి తిరిగి రాగల షామన్ చివరికి చుంగా తాత ఒక్కడే మిగిలాడు. ఆయనా నేడో రేపో అన్నట్టున్నాడు. ఆయన పోతే సప్కా ఎటూ కాకుండా ఉండిపోతాడని మేమే పోరి పోరి పిలిపించాం.

తాత కళ్లు మూసుకుని డప్పు వాయిస్తూ, దిండు విడిచి తిరిగే సప్కా ప్రాణం కోసం వెతికాడు. దొరికిన మనిషి ఆనవాళ్లు ఆయన చెప్పాలి, ఇంటి ఇల్లాలు ఔననాలి. అప్పుడే ప్రయాణం.

"ఎడమచేతికి చూపుడువేలు లేదు. పడవలో కూర్చుని ఈల వేస్తున్నాడు. మీవాడేనా?"

అందరం ఆదఖా వైపు చూశాం.

"కాదు," అంది.

"మతి పోయిందా అక్కా? బావగారు కాక ఇంకెవరు?" అన్నాను.

"నువ్వూరుకోవే. నా మొగుణ్ని నాకు తెలీదా?"

తాత మళ్లీ డప్పందుకున్నాడు. "జావలో ఉప్పెక్కువైందని గిన్నె విసిరేశాడట. నువ్వా గిన్నె తీసి ఆయన నెత్తికే కొట్టావట."

అందరూ నవ్వారు. ఆదఖా నవ్వలేదు. "కాదన్నానుగా."

డప్పు ఆగింది. తాత మెల్లగా అన్నాడు. "ఏడుస్తున్నాడమ్మా. మా ఆవిడ నన్ను మరిచిపోయిందా అంటున్నాడు."

ఆదఖా మొహం చూడలేకపోయాను. "ఆయనే తాతా," అని భోరుమంది. "మా ఆయనే. మరిచిపోలేదని చెప్పు. తీసుకెళ్లు."

తాత కుక్కల బండి ఎక్కినట్టు కూర్చుని చాలాసేపు వాయించాడు. ఈలోగా మావాళ్లు, ఇక ప్రాణం లేని దిండు విప్పి మంటలో వేశారు. తాత కళ్లు తెరిచేసరికి ఒళ్లంతా చెమట.

"ఏమన్నా చెప్పాడా?" అని ఆదఖా అడిగింది.

"లేదమ్మా. వాళ్లమ్మా నాన్నా ఎదురొచ్చారు. సంతోషంగా వెళ్లిపోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు."

పోయినవాళ్లు వెనక్కి చూడకూడదు, అందుకని అంతా మంచి జరిగిందన్నారు. ఆదఖా కూడా "మంచిదే" అంది, ఇంటికి వెళ్లడానికి మాత్రం లేవలేదు. నాకు ఆ ముసలాడి మీద ఒళ్లు మండిపోయింది. ఒక్కసారి తిరిగి చూశాడని చెబితే ఆయన సొమ్మేం పోయింది?