ఎవరి గుమ్మం ముందూ లేని దారి

మా అక్క ఇల్లు మా ఇంటికి సరిగ్గా ఎదురు. మధ్యలో హైవే. పెందుర్తి వైపు రోడ్డు వచ్చి హైవేలో కలిసే చోటికి కాస్త ఇవతల, తూర్పు పక్కన మేము, పడమటి పక్కన వాళ్ళు. ఒకే ఊళ్ళో ఇద్దరం ఎదురెదురుగా స్థలాలు కొనుక్కున్నామని తొంభైలలో మురిసిపోయాం. అప్పటికి డివైడరు లేదు, లారీలూ తక్కువే. సాయంత్రం అక్క గేటు దగ్గర నిలబడి, "ఏటే, పొయ్యి మీద ఏటుంది?" అని కేకేస్తే నాకు వినబడేది. నెత్తళ్ళ చేపల ఇగురు చేస్తే ఒక గిన్నె అటు వెళ్ళేది. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదు కాబట్టి, అందులో పప్పో పులుసో పోసుకుని మర్నాడు అక్క వచ్చేది. ఆ లెక్కన మా రెండిళ్ళ గిన్నెలు ఏవి ఎవరివో మాకే తెలిసేది కాదు.

ఊరు పెరిగింది. పోర్టు నుంచి బొగ్గు లారీలు, పరవాడ వెళ్ళే బస్సులు, ఊపిరాడనివ్వని ఆటోలు. ఒకనాడు ఓ లారీ అక్కని ఒరుసుకుంటూ పోయింది. గిన్నె ఎగిరి, పులుసంతా తారు మీద పడింది. అక్క మా అరుగు మీద కూలబడింది. ఆ రోజు నుంచి రోడ్డు దాటాలంటే ఇద్దరికీ భయం.

అందుకే, కూడలిలో ఫ్లైఓవర్ వేస్తారట, నడిచేవాళ్ళకీ దారి చూస్తారట అని తెలిసి అందరికంటే ముందు సంబరపడింది అక్కే. ఇంజినీరు మ్యాపు పట్టుకుని కాలనీ హాలుకి వచ్చినప్పుడు ముందు వరసలో కూర్చుంది. మేము రోజూ ఎక్కడ దాటుతామో వేలు పెట్టి చూపించింది. ఆయన సరేనన్నాడు. అక్కడే కొత్తగా కట్టే డివైడరులో సందు వదులుతామని, తెల్ల గీతలు గీసి సిగ్నలు పెడతామని చెప్పాడు. ఇంటికొస్తూ అక్క, "ఇక గిన్నెకి మూత కూడా అక్కర్లేదే పిల్లా, సిన్నగా నడిసొచ్చేత్తాను" అంది.

తర్వాత మనుషులొచ్చి సున్నంతో గుర్తులు పెట్టారు. ఆ గుర్తులు తిన్నగా అక్క వాళ్ళ గేటుకే వచ్చి ఆగాయి. మా బావ పోర్టులో ఉద్యోగం చేసేవాడు, నలుగురికి సాయపడే మనిషి. కానీ వాస్తు దగ్గరకొస్తే ఆయనకి దేవుడు కూడా అడ్డు చెప్పలేడు. సిద్ధాంతి గారిని పిలిపించాడు. తూర్పు ఆగ్నేయం వీధిపోటు, ఇంటికి మంచిది కాదు అని ఆయన తేల్చేశాడు.

"అది రోడ్డు కాదండీ, ఉత్త గీతలు" అన్నాడు ఇంజినీరు.

"జనం నడిసేది రోడ్డు కాదేటి బాబూ? సరాసరి మా గేటుకే గుచ్చుకుంతంది" అన్నాడు బావ.

పోనీ పక్కింటి ముందు అంటే పక్కింటాయనా సిద్ధాంతినే పిలిచాడు. ఆ పక్కాయనా అంతే. మా వైపు మాత్రం ఏం తక్కువ? మా ఆయనకీ పడమర నైరుతి పోటు గుర్తొచ్చింది. అందరికీ క్రాసింగు కావాలి, ఎవరి గుమ్మం ముందూ వద్దు. చివరికి విసిగిపోయిన ఇంజినీరు దాన్ని ఫ్లైఓవరు దిగే చోటికి, సిమెంటు గోడౌను గోడ దగ్గరకి జరిపేశాడు. గోడౌను యజమాని ఉండేది ఎక్కడో సీతమ్మధారలో, ఆయనకి అభ్యంతరం లేకపోయింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళింటికి వెళ్ళి, "బావా, ఆ గీతల మీద నడిసొచ్చేది నానే గదా. నానేనా మీ ఇంటికి పోటు?" అని అడిగేశాను.

"నిన్నెవలన్నారమ్మా? శాస్త్రం అలగుంది మరి" అన్నాడు. అక్క తల వంచుకుని కూరగాయలు తరుగుతూ ఉంది. ఆమె ఒక్క మాట అనుంటే బావ విని ఉండేవాడని ఇప్పటికీ నా బాధ.

డివైడరు లేచింది, దాని మీద ఇనుప కంచె వచ్చింది. గోడౌను దాకా నడిచి, దాటి, మళ్ళీ అంత దూరం వెనక్కి నడవాలి. కొత్తలో ఇద్దరం పంతంగా తిరిగాం. పోయేసరికి కూర చల్లారిపోయేది. తర్వాత పండగలకి, పబ్బాలకి. ఆ తర్వాత అక్కకి మోకాళ్ళు పట్టేశాయి, నాకు ఆయాసం.

ఇప్పుడు సాయంత్రం పూట ఇద్దరం సెల్‌ఫోన్లు పట్టుకుని ఎవరి డాబా వాళ్ళం ఎక్కి మాట్లాడుకుంటున్నాం. ఈ మధ్య బావ కూడా ఎక్కి నాకు చెయ్యి ఊపుతున్నాడు. ఆయన మీద కోపం ఉంచుకుందామన్నా నిలవడం లేదు.

మొన్న అక్క అంది, "నీ ఇత్తడి గిన్నె నా దగ్గరే ఉండిపోనాదే."

"ఏదో ఒకటి ఏసి ఉంచు, వొచ్చి తీసుకుంతాను" అన్నాను.

ఇద్దరం గోడౌను వైపు చూశాం. గీతల మీద ఎవరూ లేరు. అవి మేము చెప్పిన చోట పడి ఉంటే, పొయ్యి మీద పాలు పెట్టి కూడా నేను వెళ్ళి వచ్చేసేదాన్ని.

"రేపొత్తావా?" అంది అక్క.

వస్తానన్నాను. అంతకు ముందు రోజూ అలాగే అన్నాను.

"సూడు, నీ తల నెరిసింది ఇక్కడికే అగుపడతంది" అంది.