మొదటి స్లైడు మీద నా మొక్కు

ఉప్పల్‌లో ఒక ఫంక్షన్ హాలు. హాలు నిండా ఆపరేషన్ థియేటర్ నర్సులు. వేదిక మీద పెళ్లిమండపమంత తెర. ఆ తెర మీద గుమ్మడికాయలంత అక్షరాల్లో, మా డాక్టరు గారి గురించి నేను దేవుడికి చెప్పుకున్న చాడీ. డాక్టరు గారు ఆ తెర పక్కనే కూర్చున్నారు. ఆ చాడీని అంత ఎత్తున ఎక్కించిన మహాతల్లి ఎవరని అడుగుతారేమో, ఇదిగో, ఇంత వినయంగా మీకు కథ చెబుతున్న నేనే. అప్పుడే నవ్వకండి, ముందుంది అసలు సంగతి.

నేను బడికి పోయినదాన్ని కాదు. చిన్నప్పుడు జబ్బుమనిషిని కావడంతో రామంతాపూర్ ఇంట్లో అమ్మే చదువు చెప్పింది. ఇంగ్లీషుకు ఆమెది ఒకటే పద్ధతి. వాక్యాన్ని చిక్కుడుకాయలా తుంచాలి, ఒక్కో ముక్కకూ డిక్షనరీలో అర్థం వెతకాలి, మళ్లీ అతికించాలి. ఓపెన్ స్కూలు, ఇంటరు, నర్సింగు, అన్నీ ఆ పద్ధతిలోనే గట్టెక్కాను. అందుకు అమ్మకు ఇప్పటికీ మనసులో రోజూ దండం పెట్టుకుంటాను. తుంచిన చిక్కుడుకాయను ఎంత అతికించినా మళ్లీ కాయ కాదన్న ఒక్క ముక్క మాత్రం ఆమె చెప్పలేదు.

నాచారంలో మాది చిన్న ఆస్పత్రి. థియేటర్లో నా ముఖ్యమైన పని మాప్‌లు లెక్కపెట్టడం. మాప్ అంటే ఆపరేషన్‌లో రక్తం అద్దే గుడ్డ. పొట్టలోకి ఎన్ని వెళ్లాయో, కుట్లు వేసే ముందు అన్నీ బయటికి రావాలి. అందుకని పైకే లెక్కపెడతాం.

మా రామ్మోహన్ డాక్టరు గారు రాజమండ్రి వైపు మనిషి, బంగారం. మా ఆయన అపెండిక్స్ తీసింది ఆ చేతులే. ఆయనకున్నది ఒకటే బలహీనత, పాత పాటలు. గుండ్రటి చిన్న స్పీకరు ఒకటి తెచ్చి, థియేటర్‌ను తిరునాళ్ల చేసేవారు. నా లెక్కేమో, సార్ అడ్డు తగులుతుంటే, ఇలా సాగేది.

“ఐదు, ఆరు, ఏడు...”

“ఎందుకమ్మా ఏడవడం? ఇంత హుషారైన పాట వస్తుంటే!”

అందరూ నవ్వేవారు. నేను మళ్లీ ఒకటి దగ్గర మొదలు.

సార్‌కు చెప్పే ధైర్యం లేదు. ఒక సోమవారం కీసర గుట్ట ఎక్కి రామలింగేశ్వరుడికి చెప్పుకున్నాను. “స్వామీ, సార్ చల్లగా ఉండాలి. ఆ స్పీకరు మాత్రం మూగపోవాలి.” వారం తిరక్కుండానే మూగపోయింది! సార్ బాగు చేయించారు. మళ్లీ పోయింది. మళ్లీ బాగు చేయించారు. పాట లేనప్పుడు సార్ మొహం చూస్తే జాలేసేది. కానీ నా లెక్క మొదటిసారికే తేలేది. ఆ జాలి, ఈ ఆనందం రెండూ కలిసి, గుడిముందు ఎవరి చెప్పులు ఎవరివో తెలియనట్టు మనసంతా గజిబిజి.

ఒకరోజు సారే పిలిచారు.

“ఏమ్మా సరళా, ఉప్పల్‌లో థియేటర్ నర్సుల సదస్సంట. మాప్‌ల లెక్క మీద ఒక సెషన్ చెప్తానని ప్రపోజల్ పంపు.”

“నేనా సార్?”

“నువ్వు కాక నేనా? నాకు పాటలే వచ్చు, లెక్కలు రావు. పాపం ఆ పిల్లలకి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి శిక్షణ గంటలు కూడా కలుస్తాయి.”

కళ్లు చెమర్చాయి. చుట్టుపక్కల చిన్న ఆస్పత్రుల పిల్లలకు ఇలాంటి పాఠాలు చెప్పేవారెవరు? ఈ సెషన్ ఎలాగైనా రావాలి, సార్ నా మీద పెట్టుకున్న నమ్మకం నిలబడాలి అనుకున్నాను. ఆ నమ్మకాన్ని నేను ఎలా నిలబెట్టానో చూడండి.

సాయంత్రం దీపం పెట్టి, ఫారం ముందేసుకుని కూర్చున్నాను. చేతిలో నీలం పెన్ను, మాప్‌లమ్మే కంపెనీ వాళ్లు మా అందరికీ పంచినది. పేరు, ఊరు, అంశం, వచ్చినవాళ్లు ఏం నేర్చుకుంటారు, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో నింపాను. అంతలో ఒక ప్రశ్న ఎదురైంది. ‘మీకు కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంట్రెస్ట్ ఉందా?’

తుంచాను. కాన్‌ఫ్లిక్ట్ అంటే తగాదా. ఇంట్రెస్ట్ అంటే వడ్డీ.

“ఏమండి, జర ఇటు జూడున్రి. మనకు వడ్డీ తగాదా ఎవరితోనన్న ఉన్నదా?”

మా ఆయన మల్లేశం నాచారం ఫ్యాక్టరీలో ఫిట్టరు. తాగుతున్న టీ గ్లాసు కింద పెట్టారు.

“ఏందే? ఎవరడిగిన్రు?”

“నర్సుల సదస్సోళ్లు.”

“మన వడ్డీతోని ఆళ్లకేం పని? నువ్వు పాఠం జెప్పనీకి పోతున్నవా, లోన్ దెచ్చుకోనీకి పోతున్నవా?”

“ఆగున్రి, ఇంకో అర్థం గూడ ఉంది. ఇంట్రెస్ట్ అంటే ఆసక్తి. ఒకళ్ల ఆసక్తికి, ఇంకొకళ్ల ఆసక్తికి తగాదా ఉందా అంటున్రు.”

“గట్లయితే ఉన్నది గదా! నీకు లెక్కల మీద ఇంట్రెస్టు, మీ సార్‌కు పాటల మీద.”

నిజమే! ఎంత చక్కగా అతికింది!

“మరి అది రాయాల్నా?”

“అడిగినంక రాయాలె. దీపం ముంగట గూసొని అబద్ధం రాస్తవా?”

దాంతో నా నోరు మూతపడింది, పెన్ను మూత తెరుచుకుంది. కింద ఇంకో ప్రశ్న ఉంది, ఆ కాన్‌ఫ్లిక్ట్‌ను ఎలా పరిష్కరించారు అని. ఎంత బాధ్యత గల సంస్థ, మన కష్టసుఖాలు కూడా అడుగుతోంది అని మురిసిపోయి, దానికీ ఉన్నదున్నట్టు రాసేశాను.

కొన్నాళ్లకు సదస్సు చూసుకునే వసుంధర మేడమ్ ఫోన్ చేశారు.

“సరళ గారూ, మీ సెషన్ ఓకే అయిందండీ. డిస్‌క్లోజర్ స్లైడు మీ ఫారంలోంచి తీసి మేమే పెట్టేస్తాం.”

తుంచాను. క్లోజర్ అంటే ముగింపు. ఆఖర్లో వేసే ‘ధన్యవాదాలు’ బొమ్మ కాబోలు. “మీ దయ మేడమ్” అన్నాను.

“అన్నట్టు, చైర్ మీ రామ్మోహన్ గారే.”

“అయ్యో, కుర్చీలు కూడా సారే ఇప్పిస్తున్నారా?”

“సభాధ్యక్షులండీ” అన్నారావిడ నీరసంగా.

ఆ రోజు రానే వచ్చింది. వేదిక మీద తెరకు వీపు పెట్టి నిలబడ్డాను. మైకు పట్టుకుని, ఇంట్లో ఎన్నోసార్లు అప్పజెప్పుకున్న మాటలు మొదలుపెట్టాను.

“ముందుగా మా రామ్మోహన్ సార్‌కు నా కృతజ్ఞతలు. ఆయన మాట వింటే చాలు, నా మనసు ప్రశాంతమైపోతుంది.”

హాల్లో కిసుక్కుమని నవ్వు. చీర కుచ్చిళ్లు చూసుకున్నాను. బాగానే ఉన్నాయి.

“ఆయనతో నాకు ఏనాడూ చిన్న మాట తేడా కూడా రాలేదు.”

ఈసారి నవ్వు ముందు వరసకు పాకింది. జడ తడుముకున్నాను. పువ్వులు ఉన్నాయి.

“ఆయన థియేటర్లో ఉంటే దేవుడికి వేరే మొక్కే అవసరమే ఉండదు!”

హాలు ఘొల్లుమంది. వెనకనుంచి ఎవరో అరిచారు. “అక్కా, జర ఎనకకు తిరిగి జూడు!”

తిరిగాను. తెర మీద నా ఇంగ్లీషు, నా అక్షరాలు. నేను రాసిందే, ఇక్కడికెందుకు వచ్చిందో మాత్రం అర్థం కాలేదు. అమ్మవారి ఊరేగింపుకు ఎదురొచ్చిన ఆటోలా ముందుకూ పోలేక, వెనక్కూ పోలేక నిలబడిపోయాను.

“సరళా, కాస్త పక్కకి జరుగమ్మా. కింద లైను కనబడట్లేదు.” ఆ గొంతు సార్‌ది.

జరిగాను. ఆయన కళ్లజోడు సవరించుకుని, అందరికోసం తెలుగులో చదివారు.

“తగాదా: నేను లెక్కపెట్టేటప్పుడు డాక్టర్ రామ్మోహన్ గారు పెద్దగా పాటలు పెడతారు. పరిష్కారం: ఆయన స్పీకరు మూగపోవాలని కీసరలో మొక్కుకున్నాను. దేవుడి దయవల్ల రెండుసార్లు ఫలించింది. మూడోసారికి ఎదురుచూస్తున్నాను.”

నవ్వులకు కుర్చీలు కదిలిపోయాయి. సార్ మాత్రం నవ్వలేదు. అయిపోయింది, నా సెషనూ పోయింది, సారూ పోయారు అనుకున్నాను.

“నేనేమో ఆ మెకానిక్‌ని నోటికొచ్చినట్టు తిడుతున్నాను కదమ్మా! ముందే నాతో ఒక్క మాట అనొచ్చుగా?”

“మీతో అనాలంటే భయం సార్. ఆ స్వామికి చెప్పుకోవడం తేలిక.”

“గుట్ట ఎక్కడం తేలికా!”

అప్పుడు నవ్వారు. నవ్వి, మైకు హాలు వైపు తిప్పారు. “ఈ బాధ ఇంకెవరికైనా ఉందా?”

చేతులు లేచాయి చూడండి, కంది చేనులా!

“మా సార్ క్రికెట్ పెడ్తడు సార్!”

“మా మేడమ్ ఫోన్ల ఆడబిడ్డతోని లొల్లి వెట్టుకుంటది!”

ఆ పిల్లలంతా లెక్క ఎక్కడ తప్పుతోందో, ఆగమని ఎలా అడగాలో వాళ్లే మాట్లాడుకున్నారు. నేను తెచ్చుకున్న పాఠం సగం చెప్పేసరికే టైమైపోయింది. లెక్క పూర్తయ్యేదాకా పాట బంద్ అని సార్ అందరి ముందు మాటిచ్చారు.

దిగాక వసుంధర మేడమ్ నా చేయి పట్టుకుని తలబాదుకున్నారు. “డిస్‌క్లోజర్ స్లైడంటే ఆ ప్రశ్నకు మీ జవాబును మొదట్లోనే అందరికీ చూపించడం. అందరూ ‘లేదు’ అనే రాస్తారని మేమెవరమూ చదవలేదండీ! కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంట్రెస్ట్ అంటే, ఏ కంపెనీ దగ్గరన్నా ఏమన్నా పుచ్చుకుని వాళ్ల సరుకు గురించి మాట్లాడుతున్నారా అని.”

“అంతేనా? అయితే నాకేమీ లేదు మేడమ్” అన్నాను గుండెల మీద చేయి వేసుకుని.

చేతికి ఏదో గట్టిగా తగిలింది. రవికకు గుచ్చుకున్న నీలం పెన్ను.

ఆ తర్వాత సోమవారం మా ఆయన్ను వెంటబెట్టుకుని కీసర వెళ్లాను, మొక్కు వెనక్కి తీసుకోవడానికి. మెట్ల మీద ఆయన ఒకటే సణుగుడు.

“స్పీకరు పోవాలని మొక్కితివి. ఇప్పుడు మంచిగుండాలని మొక్కుతవా? దేవుడు పరేషాన్ అయితడే!”

“ఆయనకు అన్నీ తెలుసులెండి.”

“ఆయనకు ఇంగ్లీషు గూడ తెలుసు. నీకే తెల్వది.”

కనుక రామలింగేశ్వరుడి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట ఏ ఇంగ్లీషు మాటనూ చిక్కుడుకాయలా తుంచను. పక్కనున్న మనిషితో తేల్చుకోవలసిన తగాదాను గుట్ట ఎక్కించను. తెరకు వీపు పెట్టి ఎవరినీ పొగడను.

ఇదంతా రాసింది కూడా ఆ నీలం పెన్నుతోనే. ఈసారి ముందే డిక్లేర్ చేస్తున్నాను.