పుస్తకాల బండికి నేను చేసిన ఉపకారం

అడగకుండా సలహా ఇవ్వడం నాకున్న జబ్బు. లక్డీకాపూల్‌లో గుమాస్తాగా పాతికేళ్లుగా ఫైళ్ల మీద రాసిన సలహాలు ఎవరూ చదవరు కనక, ఆఫీసు బయట దొరికినవాళ్లను పట్టుకుంటాను.

ఆ మధ్య నా మోటార్‌సైకిల్ టైర్లలో సీలెంట్ పోశాను. టైరు లోపల తిరుగుతూ ఉండే చిక్కటి ద్రవం అది. మేకు దిగితే ఆ బొక్కలోకి దూరి మూసేస్తుంది. వారం తిరక్కుండానే మేకు దిగింది. పటకారుతో లాగేసి చక్రం గిర్రున తిప్పాను. గాలి పోవడం ఆగిపోయింది. దాన్ని కనిపెట్టింది నేనే అన్నంత గర్వం వచ్చింది. మా ఆవిడ స్కూటర్‌లోనూ పోశాను, అక్కడా పనిచేసింది. ఇంక నన్ను పట్టేవాళ్లు లేకపోయారు.

రెండో సీసాలో సగం మిగిలింది. నా కన్ను పుస్తకాలాయన బండి మీద పడింది.

ఆయన నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఉంటాడు. ఆదివారం పొద్దున్నే తోపుడుబండి నిండా పాత పుస్తకాలు పెట్టుకుని ఆబిడ్స్ వెళ్లి, సెలవుకు మూసిన ఒక బట్టల దుకాణం షట్టర్ ముందు పరుస్తాడు. ఆ చోటు ఆయనకెవరూ రాసివ్వలేదు. ఏడింటికల్లా చేరితే ఆయనది, ఆలస్యమైతే ఇంకొకరిది. ఆ ఒక్కరోజు అమ్మకం మీదే వారమంతా ఇల్లు గడవాలి. ఇదంతా నాకు తెలుసు. తెలిసే, శనివారం సాయంత్రం సీసా పట్టుకుని వెళ్లాను.

"బండి మంచిగనే నడుస్తున్నది గద సార్," అన్నాడు.

"ఇంక మీకు పంక్చర్ ఫికర్ ఉండదన్నా," అని నాలుగు చక్రాల్లోనూ కొంచెం కొంచెం పోశాను.

మర్నాడు నా ఘనకార్యం చూసుకోవడానికి తోడు కూడా వెళ్లాను. స్టేషన్ దాటకముందే వెనక చక్రం చప్పబడిపోయింది. చిన్న మేకే.

పంక్చర్ దుకాణం ముసలాయన ట్యూబు బయటికి లాగి, చేతికంటిన పచ్చటి జిగట నా ముందు పెట్టాడు. నా మోటార్‌సైకిల్‌కు బాగా పనిచేసిందని చెప్పాను. "మీ మోటార్‌సైకిల్‌కు ట్యూబ్ లేదు సార్. మేకు ఎంతో బొక్క అంతే. ట్యూబ్ గట్ల కాదు, లోపల చీరుకపోతది. గంత చీరుకపోయినంక గీ మందు ఏం మూస్తది? ఇగ దీని మీద ప్యాచ్ గూడ అంటదు. కొత్తదే ఎయ్యాలె."

సంచిలో ఉన్న సీసా తీసి అప్పుడు చదివాను. ట్యూబ్‌లేని టైర్లకు మాత్రమే అని పెద్దక్షరాల్లోనే ఉంది. ఫైళ్లు చదవకుండా సంతకాలు పెడతారని అధికారులను తిట్టుకునేది నేనే.

ఆ సైజు ట్యూబు ముసలాయన దగ్గర లేదు. నేను అఫ్జల్‌గంజ్ పరుగెత్తి, దుకాణం తెరిచేదాకా నిలబడి తెచ్చాను. ఆబిడ్స్ చేరేసరికి పది. షట్టర్ ముందు ఎవరో ఫోన్ కవర్లు పరుచుకుని హాయిగా కూర్చున్నాడు.

పుస్తకాలాయన పక్క సందులో, జనం తొంగిచూడని చోట, కట్టలు విప్పాడు. నేను మలుపులో నిలబడి, "పుస్తకాలు ఇటు," అని పిలిచాను. ఆగినవాళ్లంతా బస్సుల గురించి అడిగారు. సాయంత్రం కట్టలు దాదాపు అలాగే మళ్లీ బండెక్కాయి. సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

"వచ్చే వారం తెల్లారకముందే వచ్చి చోటు నేను పడతానన్నా," అన్నాను.

ఆయన కొత్త ట్యూబు వేసిన చక్రం వంక చూశాడు. "ఔ సార్, రాండ్రి. ఊకె కూసోండ్రి. ఏం బాగు చెయ్యకుండ్రి."

వెళ్లాను. పేపరు పరుచుకుని, చోటు కోసం ఇద్దరితో గొడవపడి మరీ కూర్చున్నాను. ఏడు కాకముందే బండి వచ్చింది. సాయం పడదామని ఎదురెళ్లి, అలవాటు కొద్దీ చక్రం పక్కన వంగాను. ఆయన బండి పిడి వదిలేసి వచ్చి, చక్రానికీ నాకూ మధ్య నిలబడ్డాడు.