రేడియోలో పలికిన కంచె

నా పదవీ విరమణకు రెండేళ్ల ముందు, వానాకాలం మొదట్లో సంగతి ఇది. అప్పుడు నేను తిరువూరులో విద్యుత్ సెక్షన్ ఆఫీసు అటెండరుని. సెక్షన్ అంటే ఒక ఏఈ గారు, అంటే అసిస్టెంట్ ఇంజనీరు, ఆయన కింద లైన్‌మన్లు. నన్ను ఆ ఉద్యోగంలోకి తెచ్చింది చదువు కాదు, మా ఆయన చావు. ఆయనా లైన్‌మనే. అడవి పందుల కోసం చేను చుట్టూ ఎవరో దొంగతనంగా కట్టిన కరెంటు తీగ తగిలి పోయారు. కారుణ్య నియామకం కింద నాకు పోస్టు ఇచ్చారు. సంతకం పెట్టడం వచ్చు, అంకెలు గుర్తుపడతాను. మిగతా పని చూసి నేర్చుకున్నదే. ఇది కూడా నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది.

ఊరి చివర కరీముల్లా గారని, టీవీలు బాగుచేసే ఆయన ఉండేవారు. ఆయనకు హామ్ రేడియో లైసెన్సు ఉంది. అంటే సొంత సెట్టుతో దూరాన ఉన్నవాళ్లతో మాట్లాడవచ్చు. కట్లేరు వాగు పొంగి ఫోన్లు పనిచేయనప్పుడు కబురు బయటికి పోయేది ఆ సెట్టు మీదనే. సెట్టులో ఒకటే గోల, మనిషి మాట వినపడటం లేదు, మీ లైనులోనే లోపం ఉందని ఆయన ఫిర్యాదు ఇచ్చారు.

ఇలాంటి దానికి ఒక పద్ధతి ఉంది. ముందు ఫిర్యాదు చేసినవాళ్ల ఇంటి మెయిను ఆపి, సెట్టు బ్యాటరీ మీద పెట్టి వినాలి. అలా వింటే గోల సగం తగ్గింది. మళ్లీ మెయిను వేసి ఒక్కో స్విచ్చీ నొక్కి చూస్తే, ఆ సగం వాళ్ల వంటింట్లో కొత్తగా పెట్టిన చౌక ఎల్ఈడీ బల్బుది. "ఊరందరి మీదా కంప్లైంట్లు పెట్టారు, దొంగేమో మన పొయ్యి మీదే వేలాడుతున్నాడు" అని వాళ్లావిడ నవ్వింది. బల్బు మార్చారు. అప్పుడు మిగతా సగం తేటగా తెలిసింది. టక్, కాస్త ఆగి మళ్లీ టక్. మెయిను ఆపినా పోలేదు కాబట్టి అది బయటిది.

లైన్‌మన్ సుధాకర్ ఆ వీధి లైనంతా తిరిగి స్తంభాల మీది పింగాణీలు, తీగలను కలిపే జంపర్లు చూశాడు. లోపం లేదు. అప్పుడు కరీముల్లా గారు జేబు రేడియో ఒకటి తీశారు. దాన్ని చేతిలో గుండ్రంగా తిప్పుతుంటే ఒక దిక్కున శబ్దం సన్నగిల్లుతుంది. రేడియో కొస అప్పుడు ఎటు చూపిస్తే, గోల పుట్టే చోటు ఆ వరసలో ఉన్నట్టు. రెండు చోట్ల నిలబడి చూస్తే రెండు వరసలూ రెడ్డిగూడెం వైపు ఉన్న ఒక మామిడి తోట దగ్గర కలిశాయి. తోట ఇళ్లలో పగలు ఆడవాళ్లే ఉంటారు, మగవాళ్లను లోపలికి రానివ్వరని ఏఈ గారు వాళ్లిద్దరి వెంట నన్నూ పంపారు.

గేటు ముందు జీపు ఆగేసరికి రేడియోలో టక్ టక్ బాగా గట్టిగా ఉంది. మేము దిగీ దిగగానే ఆగిపోయింది. తోట చుట్టూ సన్నటి తీగ కట్టి ఉంది. మామిడి మొక్కల మధ్య మొక్కజొన్న వేశారు.

"చూశావా అక్కా, డైరెక్టుగా లైనుకి తగిలించాడు. మనల్ని చూసి పీకేశాడు" అన్నాడు సుధాకర్. నేను తీగకు దూరంగా వెనక్కి జరిగాను.

కరీముల్లా గారు మాత్రం తల అడ్డంగా ఊపారు. లైను కరెంటు అయితే తీగకు గడ్డి తగిలినంతసేపూ బుయ్‌మని మోగాలి. ఆగి ఆగి కొట్టదు. కొట్టి ఆగేది పెట్టె, అంటే బ్యాటరీతో నడిచే కంచె యంత్రం. అది ఒక్క దెబ్బ కొట్టి వదిలేస్తుంది, పంది బెదురుతుంది గానీ చావదన్నారు. అయితే ఆ పెట్టె ఏదీ?

తోట రైతు నాగేశ్వరరావును అడిగితే పెట్టె లేదు, గిట్టె లేదన్నాడు. ఇంటామె కూడా అంతే. నేను దగ్గరికి వెళ్లి చెప్పాను. "అయ్యా, మా ఆయన పోయింది ఇలాంటి తీగ తగిలే. పెట్టె చూపిస్తే నీకు ఏ భయమూ లేదు. చూపించకపోతే ఈ తీగ మీద కేసు నేనే దగ్గరుండి రాయిస్తా."

అతను ఇంటామె వంక చూశాడు. "ఇంకేం చూస్తావ్, తీసుకురా. ఇంతవరకు వచ్చాక దాచేదేముంది" అంది ఆమె. పెట్టె గడ్డివాములో నుంచి వచ్చింది. ఆఫీసు వాళ్లు చూస్తే పట్టుకుపోతారని, పంట పందుల పాలవుతుందని దాచాడట. తనను కాపాడే వస్తువునే దాచుకున్నాడు.

దానికి వేరే బ్యాటరీ, పైన సోలార్ పలక ఉన్నాయి. మా లైనుతో సంబంధం లేదని సుధాకర్ చూసి నిర్ధారించాడు. పెట్టెను ఆపే ఉంచి, తీగ వెంట నడిచాం. గడ్డి మోకాటి ఎత్తు పెరిగి తీగను తాకుతోంది. ఒకచోట గుడ్డ పీలికతో మామిడి కొమ్మకు కట్టారు, అది వానకు నాని ఉంది. ఇంకోచోట అతుకు వదులై నల్లబడింది. అక్కడే నిప్పురవ్వ ఎగిరి రేడియోలో పలుకుతోంది. గడ్డి కోసి, పీలిక తీసి ప్లాస్టిక్ బిళ్ల పెట్టి, అతుకు బిగించి, ఎర్తు కడ్డీ తడినేలలో లోతుగా దింపారు. మళ్లీ పెట్టె వేస్తే రేడియోలో దోమంత శబ్దం మిగిలింది. అది పూర్తిగా పోలేదు. మాట వినపడుతోంది, చాలన్నారు కరీముల్లా గారు.

అంతకుముందు తీగలో బలమంతా గడ్డిలోకే కారిపోయేదట, పందులు కిందనుంచి దూరేవట. ఆ తర్వాత రావడం లేదని నాగేశ్వరరావు సంతలో కనిపించి చెప్పాడు. ఆ వానల్లో కరీముల్లా గారి సెట్టు పనిచేసింది.

నేను నేర్చుకున్నది ఇంతే. కంచె కనపడితే ముందు రేడియో పెట్టి వినాలి. టక్ టక్ అంటే పెట్టె ఉంది, రైతుతో మాట్లాడవచ్చు. బుయ్‌మంటే లైను ఆపించిన తర్వాతే అడుగు వేయాలి. ఏమీ వినపడకపోయినా లైను ఆపించాకే. మా ఆయన అడుగు పెట్టిన చోట కూడా ఏ చప్పుడూ లేదన్నారు.