కూర్మనాథం చెప్పిన హిందీ బొమ్మ

కూర్మనాథానికి హిందీ నిజంగా వచ్చునా? ఇన్నేళ్లు గడిచినా ఈ ప్రశ్నకు జవాబు దొరకలేదు. ఖరగ్‌పూర్ రైల్వేలో బొగ్గు ఎత్తి వచ్చిన మనిషికి రాకుండా ఎలా ఉంటుందని కొందరు. వస్తే అలా చెబుతాడా అని కొందరు. టెక్కలి డేరా సినిమాలో తెర పక్కన బెత్తం పట్టుకుని నిలబడి, హిందీ బొమ్మను తెలుగులో చెప్పడం ఆయన పని. ఆయన చెప్పే కథలో మాత్రం చెడ్డవాడనేవాడు పుట్టడు. పాలలో విషం కలిపితే అది కషాయం. దొంగ తాళం పగలగొడితే, పాపం, తాళంచెవి పారేసుకున్నాడు.

డేరా యజమాని సింహాచలానికి ఇది ప్రాణసంకటం. ఈసారి తెచ్చిన బొమ్మలో మొగుణ్ని మోసం చేసిన పెళ్లాం, ఆమె ప్రియుడు, పిస్తోలు, కోర్టు, ఉరికంబం అన్నీ ఉన్నాయి. "ఘోర హత్య!" అని ఊరూరా గోడల మీద ఎర్రగా రాయించాడు. ఉద్దానం నుంచి జనం బళ్లు కట్టుకుని దిగారు.

ముందు బెంచీలో కవిటి కొబ్బరి రైతు పోలారావు కూర్చున్నాడు. అతని సంగతి డేరాలో అందరికీ తెలుసు. దడి దగ్గర ఎవరితోనో నవ్వుతూ మాట్లాడిందని భార్య గౌరిని పుట్టింటికి తోలేశాడు. వాడు నా పినతల్లి కొడుకని ఆమె మొత్తుకున్నా వినలేదు. రేపే కులపెద్దల ముందు తెగతెంపులు.

"మోసం సేసిన ఆడదానికి ఏటవుతాదో సూసి మరీ ఎల్తాను," అన్నాడు.

బొమ్మ మొదలైంది. ప్రియుడు వచ్చి ఆమెను కౌగిలించుకున్నాడు.

"ఈడు ఆయమ్మ పినతల్లి కొడుకు," అన్నాడు కూర్మనాథం. "సిన్నప్పుడే ఓడెక్కి బర్మా దేశం, రంగం ఎల్లిపోనాడు."

"తమ్ముడైతే అలగ వాటేసుకుంతాడేటి మావా?" అని వెనకనుంచి ఓ గొంతు.

"రంగం నుంచొచ్చిన తమ్ముణ్ని నువ్వు కర్రట్టుకుని కొడతావేట్రా?"

మొగుడు వచ్చేసరికి ప్రియుడు కిటికీలోంచి దూకాడు.

"దూకేత్తన్నాడే!"

"రైలుకి టైమైపోయింది."

పిస్తోలు పేలింది. ఆమె కూలిపోయింది.

"దీపాళి పండగ. ఆయమ్మ ఉపాసముంది, సప్పుడికి కళ్లు తిరిగాయి."

కోర్టులో జడ్జి బల్ల గుద్దాడు.

"ఊరి పెద్ద. పెళ్లాం మాట ఇనలేదని ఆణ్ని సివాట్లు పెడతన్నాడు."

ఆఖరికి తెర నిండా ఉరితాడు వేలాడింది. ముసలాయన ఇప్పుడు దొరికాడనుకున్నాడు సింహాచలం. కూర్మనాథం తాడును బెత్తంతో ముద్దుగా తాకాడు.

"ఉయ్యాల కడతన్నారు. ఆయమ్మకి నెల తప్పింది."

దీపాలు వెలగగానే సింహాచలం జుట్టు పీక్కుంటూ వచ్చాడు. "హత్య ఏదీ మావా? ఒక్క హత్య! గోడలకి రాయించానే!"

ఇంతలో పోలారావు తువ్వాలుతో ముక్కు తుడుచుకుంటూ ఎదురయ్యాడు.

"మావా, బాబా? పాపా?"

"పాప. అచ్చం తల్లి పోలిక."

"మా ఆడది కూడా పినతల్లి కొడుకనే సెప్పింది మావా. నానే ఇన్లేదు." తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "పెద్దల్ని రావద్దని సెప్పేసి, బండి కడతాను."

అతను వెళ్లాక కూర్మనాథం మెల్లగా అన్నాడు: "ఉన్నదున్నట్టు సెప్తే నీకో హత్య దక్కును. ఆడికేటి దక్కును రా?"

అప్పుడు తట్టింది సింహాచలానికి. ఆట ముందు ఈయన బెంచీల మధ్య తిరుగుతూ అందరి మంచిచెడ్డలూ అడిగేది ఇందుకన్నమాట. విషం కషాయమైన రోజున ముందు వరసలో ఎడమొహం పెడమొహంగా ఓ అత్తాకోడళ్లున్నారు!

మర్నాటి ఆటకు పోలారావు గౌరితో దిగాడు. వెంట ఆ పినతల్లి కొడుకు కూడా. ముక్కు అచ్చం గౌరి ముక్కే. తెర మీద కౌగిలింత రాగానే పోలారావు లేచి నిలబడ్డాడు.

"తమ్ముడే! ఎవులూ తప్పుగా అనుకోకండి!"

మొగుడు పిస్తోలు తీసేసరికి ఆగలేక తెర దగ్గరకే ఉరికి, కూర్మనాథం చేతిలో బెత్తం లాక్కున్నాడు. "ఒరే బుర్రలేనోడా! ఆడు నీ బావమరిదిరా!"

డేరా ఘొల్లుమంది. గౌరి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. మిగిలిన కథంతా పోలారావే చెప్పాడు, ఉయ్యాలతో సహా. సింహాచలం నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, చూశావా మావా అనబోయి పక్కకు తిరిగాడు.

కూర్మనాథం అప్పటికే డేరా గుడ్డ కాస్త పైకెత్తి, చెప్పులు చేతబట్టుకుని, ఇక ఇక్కడ తన పని అయిపోయిందన్నట్టు, ఎవరితోనూ చెప్పకుండా బయటికి నడుస్తున్నాడు.